రాజమహేంద్రవరమున రుచులు, దర్శనీయములు
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



దూరప్రాంతములనుండి విచ్చేసిన ప్రతినిధులకు మన పట్టణమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణమునకు పూనుకొన్న స్థలమిది. ఆ ప్రసంగమునకు దిగినచో విందువేళ మించును గావున తినుటతోడనే యారంభించెదను.

మెయిన్‌రోడ్డు ప్రాంతమున రోజ్‌మిల్కు అంగడి ప్రసిద్ధము. చల్లని పాలలో గులాబి పానకము కలిపి యిత్తురు. నాకు వైద్యుడు నిషేధించినాడు; మీకు నిషేధము లేదు గదా! వానకాలమున సముద్రమునుండి గోదావరి కెదురీదివచ్చు పులసచేపకై పుస్తెలైన నమ్ముకొనవచ్చునని సామెత. శాకాహారినగుటచే నా పుస్తెల సంగతి నాకు చింతలేదు.

పూతరేకులమాట వేఱు. అవి పట్టణమున పుట్టినవి కావు. ధవళేశ్వరము ఆనకట్ట దాటి ఆత్రేయపురము పోవలయును. అచట స్త్రీలు బోర్లించిన కుండక్రింద మంటపెట్టి, పలుచని బియ్యపుపిండి నీళ్లలో ముంచిన గుడ్డను కుండపై నొక్కమాఱు పఱచి లాగుదురు. క్షణములో పొర యారును. వేళ్లు కాలుచున్నను రేకు చినుగరాదు. పిదప నెయ్యి, చక్కెర లేక బెల్లము చల్లి మడతురు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. కీర్తి అంగళ్లకు, సెగ ఆడువారికి దక్కుచున్నది. కావున రేకు తీయు నింటి ముంగిటనే కొనుడని నా సలహా. త్రోవలోనే కాటనుదొర వస్తుప్రదర్శనశాల యున్నది. 1852లో ముగిసిన పాత యానకట్ట కథ యచట తెలియును.

పట్టణమున పుష్కరఘట్టము, 1900 మొదలు 1997 వఱకు రైళ్లు నడచిన హేవలాకు వంతెన, తాళపత్రములుగల గౌతమీ గ్రంథాలయము చూడుడు. 1890లో వీరేశలింగముపంతులుగారు కట్టించిన పురమందిరమును మాత్రము తప్పక చూడుడు.

ఆయన 1881లో నీయూర ప్రథమ వితంతువివాహము జరిపించినప్పుడు పెండ్లికి పోయినవారిని వెలివేసిరి. వెలి యనగా నేమి? పంక్తిలో విస్తరి లేకుండుటయే. మా తాతలనాట పూటకూళ్లయిండ్లలోను ముందు కులమడిగి, తరువాత విస్తరి వేసెడివారు. నేడు రోజ్‌మిల్కు అంగడిలో నెవ్వరు నడుగరు. కులముపేర కూడిన మనము ఆ యంగడికి తీసిపోవుదుమా?

కావున కార్యనిర్వాహకులకు నా మనవి యొక్కటి. నేటి విందులో పందిరి వేసినవారిని, వంటవారిని, వాహనములు నడపి మనలను తెచ్చినవారిని, ప్రాంగణ మూడ్చినవారిని మన పంక్తిలోనే కూర్చుండబెట్టుడు. కడపటి బంతిలో మిగిలినది పెట్టుట ఆదరము గాదు. పోషకులలో నెవరికైన నిది రుచింపనిచో వారి ప్రక్కవిస్తరి నాకు వేయుడు. సమాధానము నేను చెప్పుకొందును.

వడ్డన యెనిమిది గంటలకు. అంతలో గోదావరిగట్టునకు పోయివచ్చుటకు వ్యవధి కలదు.