నర్సమ్మకు తెలుసు, చెయ్యనిచ్చేదెవరు?

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల గ్రామ కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలారా, అన్నలారా, డ్యూటీ దిగి ఇటే వచ్చిన నర్సమ్మలారా,

తొలిచూలు కాన్పుకు దవాఖానకు పోయిన మన ఆడబిడ్డకు చాలాచోట్ల కింద కోత పెట్టి కుట్లేస్తరు. అవసరమున్నా లేకున్నా వేస్తరు. ఆ కుట్లు మానేదాకా ఆమె సరిగా కూచోలేదు, కూలికి పోలేదు. ఇది మామూలే అనుకుంటున్నం. మామూలు కాదు. 1993లో అర్జెంటీనాలో రెండున్నర వేలకు పైగా కాన్పుల మీద పరీక్షించి చూసిన్రు. కొందరికి అలవాటుగా కోత పెట్టిన్రు, కొందరికి తప్పనిసరైతేనే పెట్టిన్రు. అందరికీ కోసినందువల్ల తల్లికి అదనంగా మేలేమీ లేదని తేలింది. అలవాటుగా కొయ్యొద్దని, పొట్ట మీద నొక్కొద్దని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రాసిపెట్టింది.

ఇట్ల పరీక్షలో నిలిచిన పద్ధతిని పట్టుకొని చేసే సేవను ఆధారాలున్న వైద్యసేవ అంటరు. పేరు పెద్దదే గని సంగతి చిన్నది. పెద్దలు చేసిన్రు గనక మేమూ చేస్తున్నం అనకుండా, దీనికి రుజువేందని అడగడం. ఈ ప్రశ్న మనకు కొత్తదా? అంటరానితనానికి రుజువేందని అడిగిన కాడనే గదా మన ఉద్యమం మొదలైంది.

మరి నర్సు ఎందుకు పాటించలేకపోతున్నది? చదువు చాలదు, బద్ధకం అని పైవాళ్ళు తేలికగా అనేస్తరు. మేము ఒప్పుకోం. 1991లో అమెరికాలో సాండ్రా ఫంక్, ఆమె తోటి పరిశోధకులు ఈ సంగతి నర్సులనే అడిగిన్రు. అన్నిటికంటే ముందు నిలిచిన జవాబు, పద్ధతి మార్చే అధికారం మాకు లేదని. దాని వెంటనే, టైము లేదని. అంత డబ్బున్న దేశంలోనే ఇట్లుంటే మన పాలమూరు సంగతి చెప్పేదేముంది!

అధికారం సంగతి మనకు ఇంకో తీరుగా కూడా తెలుసు. తరతరాలుగా మన పల్లెల్లో కాన్పు చేసిన చెయ్యి మంత్రసానిది. చాలా ఊళ్ళల్లో ఆమె మాదిగ ఇంటిదో, మంగలి ఇంటిదో. బొడ్డు కోసేది మైలపని అన్నరు, ఆ చేతికి తెలివుందని మాత్రం ఒప్పుకోలేదు. మిషన్ దవాఖానల కాలం నుంచి మన వాడల ఆడబిడ్డలు తెల్లచీర కట్టుకొని నర్సులైన్రు. చీర మారింది, చూపు మారలేదు. సిస్టర్ అని పిలుస్తరు. "సార్, ఈమెకు కోత అక్కర లేదు" అంటే, "నువ్వు నాకు చెప్పేదేంది?" అంటరు. కాంట్రాక్టు నౌకరైతే ఆ మాటా రాదు, రెన్యువలు గుర్తొస్తది. ఒకామెను ముట్టి ఇంకొకామెను ముట్టేముందు చేతులు కడగాలని 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ రుజువు చేస్తే, తోటి డాక్టర్లే ఆయన మాట వినలేదు. డాక్టరు మాటే వినని కాడ నర్సు మాట ఎవరు వింటరు?

ఇగ టైము. మామూలు దవాఖానలో ఐదుగురు రోగులకు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి లెక్క. వనపర్తికి, నాగర్‌కర్నూలుకు 2022లో, గద్వాలకు 2024లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి. అంటే ముగ్గురికొకరు కావాలె. వార్డులోకి పోయి మంచాలు లెక్కపెట్టుండ్రి, నర్సులను లెక్కపెట్టుండ్రి. అదీ రాత్రిపూట.

రుజువులు ఇంగ్లీషులో ఉంటయి. తెలుగులో ఒక్క కాగితం గోడకు అంటిస్తే పోయేదానికి ట్రైనింగ్ సర్టిఫికెట్లు పంచుతరు. ఉత్తరప్రదేశ్‌లో 120 దవాఖానల్లో ఒక పరీక్ష జరిగింది, 2017లో ఫలితం వచ్చింది. కాన్పు జాబితా చేతికిచ్చి, పక్కన నిలబడి నేర్పే మనిషి వచ్చిపోతున్నన్నాళ్ళు నూటికి 73 పనులు సరిగా జరిగినయి. ఆ రాకపోకలు ఆగినంక 62కు పడిపోయినయి. పసిపిల్లల చావులు మాత్రం తగ్గలేదు. జాబితా ఒక్కటే బతికించదు. మందు, నెత్తురు, డాక్టరు కూడా ఉండాలె.

మన రాష్ట్రంలో 2019–21 సర్వే ప్రకారం నూటికి 60.7 కాన్పులు పెద్దాపరేషన్లే. ప్రైవేటులో 81.5, సర్కారులో 44.5. బిల్లు పెరిగేచోట రుజువును అడిగేదెవరు? ఒక మంచి సంగతీ ఉంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది, మామూలు కాన్పును వాళ్ళే చూసేటట్టు. అట్ల నేర్చినామెను తీసుకపోయి వేరే వార్డులో వేస్తే ఆ శిక్షణ ఎందుకు?

మనం చేసేదేందంటే, ముందు నర్సమ్మ మీద అరిచేది బంద్ చేయాలె. సర్కారు దవాఖాన కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషి ఉండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. ఆ తోడు పోయినామె, "ఈ కోత ఎందుకు సార్?" అని డాక్టరునే అడగాలె. అమ్రాబాదు అడవిలోని చెంచు పెంట నుంచి దిగొచ్చిన తల్లికి ఆ నోరు ఉండకపోవచ్చు. అప్పుడు మన సంఘం మనిషి పక్కన నిలబడాలె.

వచ్చే పక్షానికి మీ దగ్గరి దవాఖాన నుంచి మూడు సంగతులు రాసి పంపుండ్రి. మంచాలెన్ని, రాత్రి డ్యూటీలో నర్సులెంతమంది, కాన్పు గది నల్లాలో నీళ్ళు, పక్కన సబ్బు ఉన్నయా లేవా. చెప్పిన నర్సమ్మ పేరు మాత్రం రాయొద్దు.