పెరటి గన్నేరు: గుర్తులు, పెంపకం, జాగ్రత్త



నిజామాబాదు కంఠేశ్వర్‌లో నీలకంఠేశ్వరస్వామి గుడి ఉన్నదని మీకందరికీ తెలుసు. శివపూజకు గన్నేరు పువ్వు శ్రేష్ఠమంటారు. విషం మింగిన దేవుడికి విషపు చెట్టు పువ్వు! ఈ మాట నవ్వులకు చెప్పడం లేదు. ఏడాది పొడుగునా పచ్చగా ఉండి ఇంటికి అందం తెచ్చే ఈ చెట్టును పెంచండి. కాని తెలిసి పెంచండి. ఈనాటి మా మనవి అదే.

ముందు గుర్తు పట్టడం. అసలు గన్నేరుకు ఆకులు కణుపుకు మూడేసి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, తోలులాగా మందంగా, ముదురు ఆకుపచ్చగా ఉంటాయి. పువ్వులు గులాబి, తెలుపు, ఎరుపు రంగుల్లో గుత్తులుగా పూస్తాయి. కాయలు జంటగా, సన్నని చిక్కుడు కాయల్లాగా వస్తాయి.

పచ్చ గన్నేరు వేరే చెట్టు. దాని ఆకులు ఒక్కొక్కటిగా కొమ్మచుట్టూ వస్తాయి, తుంచితే పాలు కారుతాయి. పసుపు పువ్వు గంటలాగా వేలాడుతుంది. కాయ పలకలుగా ఉండి, పండితే నల్లబడుతుంది. ఈ కాయలోని గింజ మహా విషం. పిల్లలు ఆటకు ఏరుకునే కాయ కూడా ఇదే. ఇక దేవగన్నేరు సంగతి. దానికి వెడల్పాకులు, లావు కొమ్మలు, ఆకు రాలుస్తుంది. కనుక పేరు ఒకటైనా మూడూ ఒకటి కావు.

ఇక పెంపకం. వానాకాలం మొదట్లో పెన్సిలంత లావు, జానెడు పొడుగు ముదురు కొమ్మలు కోసుకోవాలి. అడుగు ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో సగం దాకా గుచ్చి, తడి ఆరకుండా చూస్తే నెలా నెలన్నరలో వేరు పోస్తాయి. తరువాత ఒకటిన్నర అడుగుల గుంట తీసి, మాగిన పెంట ఒక గంపెడు కలిపి నాటండి. కంచెగా వేస్తే మొక్కకూ మొక్కకూ నాలుగడుగులు చాలు. ఎండ బాగా తగలాలి. బోధన్ వైపు నల్లరేగడిలో నీరు నిలుస్తుంది గనుక, అక్కడ మట్టి ఎత్తు చేసి నాటవలెను. నాటుకున్నాక ఎండను బాగా ఓర్చుకుంటుంది. కొత్త చిగుళ్ళకే పూలు వస్తాయి, కాబట్టి ఒక పూత అయిపోగానే కొనలు కత్తిరించండి. లేత కొమ్మలకు పసుపు రంగు పేనుబంక పడితే నీళ్ళు గట్టిగా చిమ్మి కడగండి.

ఇప్పుడు అసలు మాట. మేకలు కూడా ముట్టవు గనుకనే గన్నేరు కంచెగా నిలుస్తున్నది. పచ్చి ఆకు చేదు. పశువు సాధారణంగా నోట పెట్టదు. ఎండిన ఆకు మాత్రం గడ్డిలో కలిస్తే తెలియక తింటుంది. ఎండినా విషం పోదు. పది ఇరవై ఆకులు పెద్ద బర్రె ప్రాణానికే ముప్పు. మీరు కత్తిరించిన రెమ్మలు కంచె పక్కన పారేస్తారు. మరునాడు ఎవరో చెరకు మొవ్వాకు మోపు అక్కడే దింపుతారు. ఎత్తేటప్పుడు ఆ ఎండురెమ్మలు కూడా మోపులో చేరి కొట్టంలోకి వస్తాయి. తప్పు ఎవరిదో తెలిసేలోగా ఎద్దు పడిపోతుంది.

అందుచేత కొట్టానికి, గడ్డివామికి, నీళ్ళ తొట్టికి దూరంగా నాటండి. కత్తిరించిన రెమ్మలను ఆ పూటే లోతుగా పాతిపెట్టండి. పొయ్యిలో పెట్టకండి; పొగ కూడా చెరుపే. కోసినవారు చేతులు కడుక్కోవాలి. పచ్చ గన్నేరు కాయలు పిల్లల చేతికి అందనీయకండి.

పశువు చొంగ కార్చినా, కడుపునొప్పితో మెలికలు తిరిగినా, రక్తం కలిసి పారుకున్నా ఆ మేత వెంటనే తీసేయండి. దాన్ని నడిపించకండి, ఈ విషం గుండెను పట్టేది. పశువైద్యునికి కబురు పంపండి, లేదా 1962 నంబరుకు ఫోను చేయండి. మనిషి తింటే 108కి చెప్పి ఆసుపత్రికి చేర్చండి. తిన్న ఆకునో కాయనో వెంట తీసుకుపోతే వైద్యునికి పని సులువవుతుంది.

గన్నేరు ముంగిట్లో ఉండాలి, మేతలో ఉండకూడదు. ఈ ఒక్కమాట జ్ఞాపకముంచుకోండి.