జంట ఆట నేర్పే పాఠం



పరీక్షలలో ప్రథమ స్థానం ఒక్కరికే దక్కుతుంది. పక్క బల్లపై కూర్చున్న మిత్రుడు సైతం పోటీదారుడే. బ్యాడ్మింటన్ డబుల్స్‌లో మాత్రం పక్కనున్నవాడు ఓడి తాను గెలవడమన్నది లేదు. ఇందుకు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి క్రీడాజీవితమే నిదర్శనం.

2000లో అమలాపురంలో జన్మించిన సాత్విక్ వ్యాయామోపాధ్యాయుని కుమారుడు. హైదరాబాదులోని గోపీచంద్ అకాడమీలో శిక్షణ పొందాడు. మలేషియా శిక్షకుడు టాన్ కిమ్ హర్ అతనికి ముంబయి యువకుడు చిరాగ్ శెట్టిని జత చేశాడు. ఇద్దరూ కోర్టు వెనుక నుండి స్మాష్ కొట్టేవారే. మరి వల దగ్గర నిలిచేదెవరు? చిరాగ్ ఆ ముందరి స్థానాన్ని అలవరచుకున్నాడు. ఆ సర్దుబాటే జంటకు బలమైంది.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో వారు మూడు పోటీలలో రెండు గెలిచారు. అనంతరం స్వర్ణం సాధించిన చైనీస్ తైపీ జంటనే ఓడించారు. అయినా గేముల లెక్కలో వెనుకబడి గ్రూపు దశలోనే వెనుదిరిగారు. జంట మాత్రం విడిపోలేదు. 2022లో థామస్ కప్ గెలిచిన భారత జట్టులో ఉన్నారు. 2023లో ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ ప్రథమ స్థానం సాధించారు. ఆ సంవత్సరపు ఖేల్‌రత్న కూడా ఇద్దరికీ దక్కింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ ఓటమినీ కలిసే భరించారు.

తెలుగు, కన్నడం ఒకే వీధిలో వినవచ్చే బళ్ళారి సీమకు ఇద్దరు కలిసి నడవడం కొత్త కాదు. బిడ్డ ఇంటికి రాగానే మార్కులతోపాటు, పక్కవాడికి ఏమి నేర్పావని కూడా తల్లిదండ్రులు అడగాలి.