చైను బిగించాక బ్రేకు చూడాలి
(స్వర్ణోత్సవ సభలో విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగం)

 

కార్యదర్శిగారు నన్ను ఇంజినీరింగ్ చదువుల గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతులు చెప్పడానికి మీకు చాలామంది దొరుకుతారు. అందుకని నేను ఈ బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని తెచ్చాను. పాత స్ప్లెండర్. 97 సీసీ ఇంజను. సిలిండర్ లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం 49.5. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు. స్తూపం ఘనపరిమాణం సూత్రం వేసి చూడండి, 97.2 ఘనపు సెంటీమీటర్లు వస్తుంది. మీరు బడిలో చేసే లెక్కే.

బండి సంగతికి ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం సెలవులకు ఇంటికొచ్చాను. అప్పుడు మా నాన్నగారి దగ్గర సెకండ్‌హ్యాండ్ సీడీ 100 ఉండేది. ఆయన ఉద్యోగానికి రోజూ కాలవ గట్టు మీద 14 కిలోమీటర్లు వెళ్ళి, మళ్ళీ 14 రావాలి. చైను బాగా వదులై కవరుకు కొట్టుకుంటోంది. మెకానిక్ దగ్గరికి ఎందుకు, నేను చదువుతున్నది మెకానికలే కదా అని ఆదివారం పూట పానాలు తీసుకుని కూర్చున్నాను. వెనక ఇరుసు నట్టు వదులు చేసి, రెండు వైపులా సర్దుబాటు నట్లు తిప్పి, చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగించాను. చప్పుడు పోయింది. అమ్మ కాఫీ ఇచ్చి మెచ్చుకుంది కూడా.

సోమవారం సాయంత్రం నాన్నగారు "బండి బరువుగా లాగుతోందిరా" అన్నారు. లాగడం లేదంటే పెట్రోలు సరిగా అందడం లేదనుకున్నాను. కార్బొరేటర్ మీద రెండు స్క్రూలు కనబడ్డాయి. రెండూ తిప్పాను. అవి అంతకుముందు ఎక్కడ ఉన్నాయో చూసుకోలేదు. బండి ఇంకా మొండికేసింది. బుధవారం కల్వర్టు దగ్గర మలుపులో ఆయన బ్రేకు మీద కాలు ఆనించీ ఆనించకముందే వెనక చక్రం పట్టేసి, ఇసకలో జారి పడ్డారు. మోకాలు, మోచెయ్యి గీసుకుపోయాయి. ఇంకో రెండు గజాలు జారితే కాలవలోకి వెళ్ళేవారు.

ఊళ్ళో మెకానిక్ వచ్చి చేసింది చూడండి. కార్బొరేటర్ వైపు కన్నెత్తి చూడలేదు. బండిని స్టాండు వేసి చేత్తో వెనక చక్రం తిప్పాడు. తిరగలేదు. బ్రేకు రాడ్ చివరి నట్టు నాలుగు చుట్లు వదులు చేశాడు. చక్రం ఫ్యానులా తిరిగింది. అంతే.

ఎందుకలా జరిగిందో ఈ బండి మీద చూపిస్తాను, ముందు వరసలో వాళ్ళు లేచి రండి. ఇదిగో, ఇది బ్రేకు పెడల్. దీన్నుంచి ఈ రాడ్ వెనక్కి వెళ్ళి చక్రం దగ్గర ఉన్న ఈ చేతిని పట్టుకుంటుంది. పెడల్ తొక్కితే రాడ్ ముందుకు లాగుతుంది, డ్రమ్ములో లైనర్లు విచ్చుకుంటాయి. చైను బిగించడానికి నేను చక్రాన్ని వెనక్కి జరిపాను. పెడల్ ఉన్నచోటే ఉంది. చక్రం వెనక్కి వెళితే రాడ్ లాగినట్టేగా? ఎవరూ తొక్కకుండానే బ్రేకు కొంత పడిపోయింది. ఈ చక్రం కిలోమీటరుకు 500 సార్లకు పైగా తిరుగుతుంది. నాన్నగారు ఆఫీసుకు చేరేసరికి డ్రమ్ము ఏడు వేల సార్లు లైనర్లను ఒరుసుకుంటూ తిరిగిందన్న మాట. బండి బరువుగా లాగక ఏం చేస్తుంది!

అందుకని చైను బిగించిన రోజున పని చైనుతో అయిపోదు. ఎడమా కుడీ గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో చూడాలి, లేకపోతే చక్రం వంకర కూర్చుంటుంది. ఇరుసు నట్టు గట్టిగా బిగించాలి. తర్వాత పెడల్‌కు రెండు మూడు సెంటీమీటర్ల వదులు ఉండేలా రాడ్ నట్టు సర్దాలి. చక్రం చేత్తో తిప్పి చూడాలి. బ్రేకు లైటు పెడల్ తొక్కినప్పుడే వెలుగుతోందా, ఎప్పుడూ వెలుగుతూనే ఉందా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. చివరగా వీధి చివరిదాకా నెమ్మదిగా నడిపి, రెండు బ్రేకులూ వేసి చూశాకే ఇంకొకరి చేతికి తాళం ఇవ్వాలి. నేను ఆ ఆఖరి పని చేసి ఉంటే చాలు, నాన్నగారు పడేవారు కాదు.

చైను ఎంత వదులు ఉండాలి? ఇలాంటి బండ్లకు కింది వైపు మధ్యలో పట్టుకుని కదిపితే సుమారు రెండున్నర సెంటీమీటర్లు ఆడాలి. మీ బండికి సరైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. చైను అన్నిచోట్లా ఒకేలా అరగదు కాబట్టి చక్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ బాగా బిగువుగా ఉన్నచోట కొలవాలి. మరీ బిగిస్తే చైనూ పోతుంది, బేరింగులూ పోతాయి. ఇంకో మాట, ఇది నవ్వులాట కాదు. ఇంజను ఆన్‌లో ఉంచి, గేరులో వేసి, తిరిగే చైనుకు గుడ్డ పెట్టి తుడిచేవాళ్ళున్నారు. గుడ్డతోపాటు వేళ్ళు కూడా పళ్ళచక్రంలోకి పోతాయి. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చేత్తో తిప్పుతూ తుడవాలి. తర్వాత 90 నంబరు గేరు ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేయాలి.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి నెలంతా పానా ముట్టుకోవద్దని నా సలహా. చూడడం నేర్చుకోండి. చల్లగా ఉన్నప్పుడు టైర్లలో గాలి కొలవండి. ఎంత ఉండాలో బండి మీది స్టిక్కరులో ఉంటుంది, వెనక ఇంకొకరు కూర్చుంటే ఎంతో కూడా ఉంటుంది. బ్రేకు చేతి మీద బాణం గుర్తు, డ్రమ్ము ప్లేటు మీద మరో గుర్తు ఉన్నాయి చూడండి. పూర్తిగా తొక్కినప్పుడు ఆ రెండూ కలిస్తే లైనర్లు అయిపోయినట్టే. ఇంజను ఆయిల్ చూడాలంటే బండిని సమంగా ఉన్న నేల మీద పెద్ద స్టాండు వేసి, కొలబద్ద తీసి తుడిచి, మళ్ళీ పెట్టి తీయాలి. ఈ బండికి మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. చాలామంది బిగించి చూస్తారు, అప్పుడు ఉన్నదానికన్నా ఎక్కువ ఉన్నట్టు కనబడుతుంది.

ఆయిల్ మార్చడం రెండో నెల పని. ఇంజను కాస్త వెచ్చబడ్డాక కింది బోల్టు తీసి పాత ఆయిల్ పళ్ళెంలోకి దించాలి. బోల్టు ఇనుము, ఇంజను కేసు అల్యూమినియం. బలమంతా పెట్టి బిగిస్తే మర పోయేది కేసుకే, దాని ఖరీదు బోల్టు ఖరీదు కాదు. మొదట వేళ్ళతోనే తిప్పాలి, వేళ్ళకు రాకపోతే మర వంకరగా పట్టిందని అర్థం. ప్లగ్గుకూ అదే నియమం. కారు ఆయిల్ మిగిలింది కదా అని ఇందులో పోయకండి. ఈ బండిలో క్లచ్ ప్లేట్లు కూడా ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, కొన్ని కారు ఆయిళ్ళకు అవి జారిపోతాయి. డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ అని ఉందో లేదో చూసి కొనండి. పాత ఆయిల్ మురిక్కాలవలో పోయకుండా డబ్బాలో పట్టి మెకానిక్ షాపులో ఇచ్చేయండి.

ప్లగ్గు విప్పితే ఇంజను లోపలి కబురు తెలుస్తుంది. విప్పేది ఇంజను చల్లారాకే. మొన లేత ఇటుక రంగులో ఉంటే బాగున్నట్టు. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడమో. నూనె తడి ఉంటే రింగులో, వాల్వు సీళ్ళో అరిగాయని అనుమానించాలి. తెల్లగా కాలినట్టుంటే పెట్రోలు చాలక వేడెక్కుతోందని. ఇంత చెప్పే వస్తువు పది నిమిషాల్లో చేతికి వస్తుంటే, చూడకుండా కార్బొరేటర్ తిప్పిన నన్ను ఏమనాలి? ఫిల్టర్ స్పాంజిదైతే కిరోసిన్‌లో కడిగి, మెలితిప్పకుండా నొక్కి పిండి, ఆరాక మాన్యువల్ చెప్పిన ఆయిల్ పట్టించాలి. కాగితందైతే కడగకూడదు, మార్చడమే. కడిగేది ఆరుబయట, దగ్గర్లో పొయ్యి గానీ, బీడీ తాగేవాళ్ళు గానీ లేనిచోట.

ఇక కార్బొరేటర్. పెద్ద స్క్రూ స్లోస్పీడుది, చిన్నది గాలిది. గాలి స్క్రూ తిప్పేముందు, మెల్లగా తగిలేదాకా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి, మళ్ళీ అన్ని చుట్లూ వెనక్కి తిప్పండి. గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది. బండి బాగా వేడెక్కాక పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ చప్పుడు ఎక్కడ బాగా పెరుగుతుందో అక్కడ ఆపి, పెరిగిన వేగాన్ని పెద్ద స్క్రూతో తగ్గించాలి. ట్యూనింగ్ అంటే ఇదే. ఒకసారి ఒక్కటే తిప్పాలి, తిప్పింది రాసుకోవాలి. నేను రాసుకోకపోవడం వల్ల సీడీ 100 మళ్ళీ దారిలో పడడానికి రెండు వారాలు పట్టింది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బండ్లలో దాదాపు అన్నింటికీ కార్బొరేటర్ లేదు, పెట్రోలును కంప్యూటరే కొలిచి పోస్తుంది. ఆ భాగం జోలికి మీరు వెళ్ళొద్దు.

సైలెన్సర్ లోపలిది కోసేస్తే పికప్ పెరుగుతుందని మన సెంటర్లో కుర్రాళ్ళు చెబుతుంటారు. పెరిగేది చప్పుడు. పైగా అది చట్టానికి విరుద్ధం, ఆసుపత్రి పక్కన ఉండేవాళ్ళ ఉసురు కూడా. బ్రేకు లైనర్లు మార్చడం, ఇంజను విప్పడం లాంటివి మెకానిక్ చేస్తుంటే పక్కన నిలబడి చూడండి. చేయొద్దు. లైనర్ల దుమ్మును నోటితో ఊదొద్దు, పాతవాటిలో ఆస్‌బెస్టాస్ ఉండేది. మూసిన గదిలో ఇంజను ఆన్ చేసి ఉంచొద్దు.

ఆ రోజు మెకానిక్‌కు నాన్నగారు ఐదు రూపాయలిచ్చారు. నన్ను ఒక్క మాటా అనలేదు. గీసుకున్న మోచేతికి అయొడిన్ రాయించుకుంటూ, "ఈసారి చైను బిగించినప్పుడు నన్ను పిలువు, నేనూ చూస్తాను" అన్నారు. తర్వాత పదేళ్ళు ఇద్దరం కలిసే బిగించాం. ఆయన ఒక పాత డైరీలో తేదీ, కిలోమీటర్లు, ఏం చేశామో రాసేవారు.

ఈ బండిని నేను వెనక్కి తీసుకెళ్ళడం లేదు. ప్రధానోపాధ్యాయులు సైన్సు ల్యాబు వెనక షెడ్డులో చోటిచ్చారు. రోడ్డు మీదకు తీయడానికి కాదు, విప్పి బిగించడానికే. ట్యాంకులో పెట్రోలు తీసేశాను. పానాల పెట్టె, ఫీలర్ గేజీ, మాన్యువల్, గీతల నోటుబుక్కు ఒకటి సైన్సు మాస్టారికి అప్పగించాను. నోటుబుక్కులో మొదటి పేజీ నేను రాశాను: ఈ రోజు తేదీ, గాలి స్క్రూ ఎన్ని చుట్లలో ఉందో. చైను మాత్రం కావాలనే వదులుగా వదిలేశాను. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఎవరు వస్తారో పేర్లు ఇవ్వండి.