కొలువులో ఉన్నవారు, కథలో లేనివారు

పిల్లల బొమ్మల గురించి గన్నవరంలో మాట్లాడాలంటే కొండపల్లి నుంచే మొదలుపెట్టాలి. తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికి, రంగులు వేసే ఆ ఇళ్లలో దశావతారాలు, అంబారీ ఏనుగుల పక్కనే తాడెక్కే గీత కార్మికుడు, సారె తిప్పే కుమ్మరి, వడ్లు దంచే ఆడవాళ్లు తయారవుతారు. శ్రమ చేసే మనుషుల్ని దేవుళ్ల సరసన సంక్రాంతి కొలువులో కూర్చోబెట్టిన కళ అది. అందుకు మనం గర్వించాలి. అయితే ఆ కుమ్మరికి పేరు లేదు. కులవృత్తే అతని గుర్తింపు. గీత కార్మికుడి కూతురు బడికి వెళ్లే బొమ్మ ఆ వరుసలో సాధారణంగా కనిపించదు. నేను చెప్పదలచింది ఇదే: కనిపించినంత మాత్రాన చాలదు, ప్రతి ఇంటి పిల్లా ఏదో ఒక కథకు నాయకత్వం వహించాలి.

పుస్తకాల్లో ఈ లోటు ఇంకా పెద్దది. 1947 జులైలో మొదలైన చందమామ పత్రిక కొన్ని తరాలకు చదవడం మీద ప్రేమ పుట్టించింది. ఆ రుణం తీరేది కాదు. కానీ దాని లోకంలో రాజులు, వర్తకులు, పండితులే ఎక్కువగా ముందుకొచ్చారు. కొల్లేటి లంకల్లో చేపలు పట్టే ఇంటి పిల్లకు అందులో తన ఇల్లు దొరకడం కష్టం. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో తెలుగు, మలయాళం, ఇంగ్లిషుల్లో తెచ్చిన పిల్లల పుస్తకాలు ఈ వరుసను మార్చాయి. గోగు శ్యామల కథలో దళిత బాలిక తన మీదికొచ్చిన దొరను ఎదిరించి గెలుస్తుంది. మహమ్మద్ ఖదీర్‌బాబు కథలో ముస్లిం ఇంట్లో తలకాయ కూర వండుకోవడమే పండగ. ఆ పిల్లలు ఎవరి జాలికోసమూ ఎదురుచూడరు.

పసివాళ్లకు తేడాలు తెలియవు, మనమే కులాన్ని వాళ్ల చెవిన వేస్తున్నామని కొందరు పెద్దలు బాధపడతారు. కానీ 1940ల్లో అమెరికాలో కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు రంగు తప్ప మరే తేడా లేని బొమ్మలను నల్లజాతి పిల్లల ముందు పెడితే, ఎక్కువమంది తెల్లబొమ్మనే మంచిదన్నారు. ఆ పిల్లలకు ఎవరూ పాఠం చెప్పలేదు, చుట్టూ ఉన్న లోకమే నేర్పింది. మన పిల్లలూ ఎవరి గ్లాసు వేరో, ఏ కూర పేరు బడిలో మెల్లగా చెప్పాలో మనకన్నా ముందే పసిగడతారు. అలా నేర్చుకున్నదాన్ని మౌనం చెరపలేదు.

ఇలా రాస్తే కథ నీతిపాఠంగా మారుతుందన్న మరో అభ్యంతరంలో న్యాయం ఉంది. సందేశం కోసం అతికించిన పాత్రను పిల్లలు ఇట్టే పట్టేస్తారు. అయితే దానికి మందు ఆ ఇంటి భాషలో, ఆ ఇంటి నవ్వుతో రాయడమే గాని రాయకుండా ఉండటం కాదు. బొమ్మల సంప్రదాయం చెడుతుందన్న భయానికి కూడా చోటు లేదు. కర్ర, మక్కు, చెయ్యి అవే ఉంటాయి, చెక్కే రూపమే కొత్తది.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు, గ్రంథాలయాల వారికి నా విన్నపం: ఈసారి పుస్తకాలు కొనేముందు మీ తరగతి హాజరుపట్టీ పక్కన పెట్టుకోండి. అందులోని పిల్లల్లో ఎవరి ఇల్లు ఏ కథలోనూ లేదో చూసి, ముందు ఆ ఇల్లు ఉన్న పుస్తకం తెప్పించండి. కొండపల్లి వారికి సంచి తగిలించుకున్న పిల్లను, చక్రాల కుర్చీలో కూర్చున్న పిల్లవాణ్ణి చెక్కమని ఆర్డరివ్వండి. తగిన ధర కూడా ఇవ్వండి.