తోడు దొరికిన కథలు: తెలుగు అద్భుత సాహిత్యంలో ప్రేమ, కుటుంబం



వానలు మోసం చేసిన ఏడు కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. పెద్దలు సుగ్గి అనే వలసకని గుంటూరు వైపు మిరపకోతకు పోతారు. పిల్లల్లో కొందరు వెంట వెళ్తారు, కొందరు అవ్వ దగ్గరో పక్కింట్లోనో సీజనల్ హాస్టల్లోనో ఉండిపోతారు. రక్తసంబంధం లేని మనిషి అన్నం పెట్టడం, జ్వరమొస్తే మేలుకొని కూచోవడం ఈ పిల్లలు ఎరిగినదే. అద్భుత కథల్లో తామే ఎంచుకున్న కుటుంబం కనిపిస్తే వీళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' ఒక ఒప్పందంతో మొదలవుతుంది. కాశీకి తోడు వెతుక్కునే మణిసిద్ధుడనే యతి వెంట ఒక పశువులకాపరి కుర్రవాడు బయలుదేరతాడు. మజిలీ మజిలీకీ తాను అడిగిన వింతకు కథ చెప్పాలి, లేదంటే వెనక్కి వచ్చేస్తానంటాడు. చుట్టరికం లేదు, చదువులో పొంతన లేదు; ఆ దారంతా ఇద్దరినీ కలిపి నడిపించింది కథే.

'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం మరో అడుగు వేశారు. చిత్రకారుడు చిత్రా బొమ్మలతో వచ్చిన 'ముగ్గురు మాంత్రికులు'లో పింగళుడు చేపలు పట్టి బతికే కుర్రవాడు. తోడబుట్టినవాళ్లే ద్రోహం చేస్తారు. ఎక్కడివాడో అయిన మాంత్రికుడు పద్మపాదుడు ఆప్తుడవుతాడు.

ప్రేమకూ ఇలాంటి తెగువ ఉంది. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1951లో తీసిన 'పాతాళభైరవి'లో తోటమాలి కొడుకు తోటరాముడు రాకుమారినే కోరుకుంటాడు. అంతకు చాలా ముందే, 16వ శతాబ్దంలో, నంద్యాల కృష్ణరాజుకు అంకితమైన 'కళాపూర్ణోదయం'లో పింగళి సూరన ఇంకా సున్నితమైన ప్రేమను చూపించాడు. నగలతో ముస్తాబై వచ్చిన భార్య సుగాత్రిని చూసి శాలీనుడు బిడియపడి దూరంగా ఉంటాడు. వానరోజున ఆ నగలన్నీ తీసిపెట్టి తోటపనిలో తనతోపాటు వంగిన సుగాత్రిని చూసినప్పుడు అతని మనసు కదులుతుంది.

అయినా ఈ కథలన్నీ ఒక గడప దగ్గర ఆగాయి. అబ్బాయిని ప్రేమించే అబ్బాయికి, ఆడా మగా అనే రెండు గళ్లలో ఇమడని పిల్లలకు వీటిలో చోటు దొరకలేదు. అమెరికాలో రిక్ రియర్డన్ ఆ గడప దాటాడు. 2013లో వచ్చిన 'ది హౌస్ ఆఫ్ హేడిస్'లో నికో అనే కుర్రవాడు తాను పెర్సీ అనే అబ్బాయిని ప్రేమించానని ఒప్పుకోవలసి వస్తుంది. పక్కనే ఉండి విన్న తోటి కుర్రవాడు జేసన్ వెక్కిరించడు, ఆ రహస్యాన్ని కాపాడతాడు. 2016 నాటి 'ది హ్యామర్ ఆఫ్ థోర్'లో, ఆ రెండు గళ్లలో ఇమడక సొంత ఇంట్లో చోటు లేని అలెక్స్‌కు స్నేహితులే కుటుంబమవుతారు. ఇలాంటి పుస్తకాలకిచ్చే స్టోన్‌వాల్ పురస్కారం 2017లో దానికి వచ్చింది.

మన దేశంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ ప్రేమ నేరం కాదని తేల్చింది. చట్టం మారినంత మాత్రాన పదిహేనేళ్ల పిల్లల ఒంటరితనం తీరదు. తమలాంటివాళ్లు గుర్రమెక్కి మాంత్రికుణ్ణి ఎదిరించే కథ వాళ్లకు తెలుగులోనే దొరకాలి. దాన్ని కోసిగి మాటల్లో, సుగ్గి ఎరిగిన పిల్లలే రాయాలి. వాళ్లు రాసింది ఓపిగ్గా చదివే ఉపాధ్యాయులు, అచ్చు ఖర్చు భరించే పెద్దలు ఆదోని, ఎమ్మిగనూరుల్లో ముందుకు రావాలని ఈ ఉపన్యాసం కోరుతోంది.