ముసలివారి చెవి, కన్ను: రోగిసేవలో మనము మరచు సంగతులు

(గేట్ బజారులో జరిగిన మన సంఘ కుటుంబ సమావేశమున విశ్రాంత నర్సు ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



నేను వక్తను కాను. ముప్పదియైదు సంవత్సరములు నర్సుగా పనిచేసినదానను. రోగి పడక ప్రక్కన మెల్లగా మాటాడుట అలవాటైన గొంతు నాది. వెనుక నున్నవారికి వినబడనిచో దయచేసి చేయి యెత్తుడు. మర్యాదకు చెప్పిన మాట కాదిది; నేటి విషయమే యిది. ఇంద్రియములు మందగించిన మనిషికి సేవ చేయుట యెట్లో నాకు తెలిసినంత చెప్పెదను.

సర్వేంద్రియములలో నయనము ప్రధానమని మనవా రందురు. నేను కాదనను. కాని మన యిండ్లలో జరుగునది చూడుడు. తాతగారి కన్ను మసకబారినచో ఇల్లెల్ల జాలిపడును. చెవి మందగించినచో ఇల్లెల్ల విసుగుకొనును. గ్రుడ్డివానికి చేయూత నిచ్చువారే చెవిటివానిని జూచి నవ్వుదురు. సామెతలో సైతము శంఖ మూదినది చెవిటివాని ముందే గదా! కావున చెవితోనే ప్రారంభించెదను.

లోపలి చెవిలో నత్తగుల్లవంటి భాగ మొకటి కలదు. అందు సుమారు 15,000 సూక్ష్మకణములు ధ్వని తాకిడికి కదలి మెదడునకు వార్త పంపుచుండును. ఇవి నశించినచో మనుష్యులకు మరల పుట్టవు. వయస్సుచేత, ఎడతెగని రొదచేత, కొన్ని మందులచేత ఇవి నశించును. క్షయకు చిరకాలము వాడిన స్ట్రెప్టోమైసిన్ సూది అట్టి మందులలో నొకటి. సాధారణముగా మొదట పోవునవి సన్నని, హెచ్చుస్థాయి ధ్వనులను పట్టు కణములు. అందుచేత వృద్ధునికి అచ్చులు వినబడును, హల్లులు జారిపోవును. "పాలు కావలెనా?" అని కోడ లడుగును. పాలు, కాలు, చాలు అన్నియు ఆ చెవి కొక్కటే. "కాలు నొప్పిగానే యున్నది" అని మామగారు బదులు చెప్పును. పిల్లలు నవ్వుదురు. ఆయన మరునాటినుండి బదులు చెప్పుట మానును.

ఇంకొక సంగతి. స్త్రీల గొంతు, పిల్లల గొంతు సన్ననివి. పురుషుని గొంతు బొంగురు. కావున "మామగారికి కొడుకు మాట వినబడును, నా మాట మాత్రము వినబడదు" అని కోడలు నిష్ఠురమాడుటలో నిజమున్నది. మామగారిలో కపటము లేదు. ఎన్ని యిండ్లలో ఈ యొక్క అపార్థముపై సంవత్సరములు గడచినవో! అరచుట ఉపాయము కాదు. అరపులో అచ్చులే పెద్దవగును, జారిపోయిన హల్లులు రావు. పైగా ముఖము కోపముగా కనబడును. ఎదుట కూర్చుండి, వెలుతురు మీ ముఖముపై పడునట్లు చూచుకొని, టెలివిజను నాపి, గొంతు కొంచెము దించి నిదానముగా పలుకుడు. ముందుగా వైద్యునిచేత చెవిలో గుబిలి యున్నదేమో చూపింపుడు. గట్టిపడిన గుబిలి తీసినంతనే వినికిడి మెరుగైనవారిని నే నెందరినో చూచితిని. పిన్నీసు, అగ్గిపుల్ల, కాచిన నూనె మాత్రము చెవి దరికి రానీయకుడు.

ఇక మన సంఘమునకు ప్రత్యేకమైన మాట. చెవి సగమే వినిపించినప్పుడు మిగిలిన సగమును మెదడు ఊహించి పూరించును. ఆ పూరించు శక్తి చిన్ననాట నేర్చిన భాషలో నున్నంతగా పిమ్మట నేర్చిన భాషలో నుండదు. మన పెద్దలు ఒడియా బాగుగా నెరిగినవారే. బజారులో, కచేరీలో జీవితమంతయు మాటాడినవారే. కాని చెవి మందగించిన పిమ్మట వారికి మొదట జారిపోవునది ఆ రెండవ భాషయే. మన మనుమలు బడిలో ఒడియాయు, ఆంగ్లమును చదివి ఇంట నవియే మాటాడుచున్నారు. అమ్మమ్మ "ఆఁ? ఆఁ?" అనుచున్నది. అది చాదస్తము కాదు. ఆ పిల్లలు నాలుగు తెలుగు మాటలు స్పష్టముగా నేర్చుకొనిన అమ్మమ్మకు సగము వైద్యము జరిగినట్లే. ఇది భాషాభిమానముతో నన్న మాట కాదు, నర్సుగా అనుచున్న మాట.

నా పెదతల్లి కథ చెప్పవలెను. ఎనుబది దాటినది. తుంటి యెముక విరిగి ఒక ఆసుపత్రిలో చేర్చితిమి. ఏ ఊరిదో, ఏదో చెప్పను. శస్త్రచికిత్సకు ముందు ఆమె కళ్లజోడును, చెవియంత్రమును, కట్టుడుపళ్లను మూటగట్టి ఇంటికి పంపినది ఎవరో కాదు, నేనే. పోవునేమో యని నా భయము. శస్త్రచికిత్స చక్కగా జరిగినది. ఆ రాత్రి రెండు గంటలకు ఆమె గొట్టములు పెరికివేయబోయినది, మంచము దిగబోయినది. మసక వెలుతురులో ముసుగు ధరించిన ముఖములు ఆమెతో ఒడియాలో ఏమేమో చెప్పినవి. ఆమెకు ముఖమును తెలియలేదు, మాటయు తెలియలేదు. ఉదయము నేను పోవుసరికి చేతులు మంచమునకు కట్టబడియున్నవి. "మతి స్థిమితము లేదు" అని కాగితముపై వ్రాయబడియున్నది.

మూట తెప్పించి జోడు పెట్టితిని, యంత్రము పెట్టితిని, "పెద్దమ్మా, నేనే" అంటిని. ఆమె నన్ను తేరిపార జూచి, "ఇక్కడ నన్నెందుకు కట్టివేసినారే? ఏమి తప్పు చేసితిని?" అని అడిగినది. నా వృత్తిలో నేను చెప్పలేకపోయిన జవాబు అది యొక్కటే.

అట్టి కలవరము వృద్ధరోగులలో అరుదు కాదు, కొంతవరకు నివారింపవచ్చును కూడ. 1999లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున డాక్టరు షారన్ ఇనూయే బృందము 70 ఏండ్లు దాటిన 852 మంది రోగులను పరిశీలించి ఫలితములను ప్రకటించినది. మామూలు సేవ పొందినవారిలో నూటికి 15 మందికి కలవరము కలిగినది. కళ్లజోడు, చెవియంత్రము అందించుట, నిద్ర చెడకుండ చూచుట, దినము, స్థలము గుర్తుచేయుచుండుట, నడిపించుట, నీరు త్రాగించుట మొదలైనవి శ్రద్ధతో చేసినవారిలో నూటికి పదిమందికి మించలేదు. వీనిలో ఖరీదైన మందు ఒక్కటియు లేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ తన రోగిసేవా గ్రంథమున శబ్దమునకే ఒక అధ్యాయము కేటాయించినది. రోగి గదిలోగాని ద్వారము బయటగాని గుసగుసలాడుట క్రూరమని ఆమె మందలించెను. బంధువులమైన మనము నేటికిని అదియే చేయుచున్నాము!

కన్నుగూర్చి కొంచెమే చెప్పెదను, మీకు తెలిసినవే. నలుబదిలో చత్వారము వచ్చును. సూదిలో దారము, మగ్గముపై తెగిన పోగు దానిని ముందుగా బయటపెట్టును. శుక్లమునకు శస్త్రచికిత్స ఉన్నది, భయపడనక్కరలేదు. నీటికాసులు మాత్రము దొంగవంటివి: నొప్పి లేకుండ ప్రక్కచూపును తినివేయును, పోయినది తిరిగి రాదు. మధుమేహమున్నవారు ఏటేట కంటిలోపలి పొరను చూపించుకొనవలెను. మన తెలుగు వైద్యుడు డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదున నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవిజ్ఞాన సంస్థ శాఖ భువనేశ్వరములోను ఉన్నది. మన ఊరిలో 1962లో స్థాపితమై పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతివారి పేరు మోయుచున్న వైద్యకళాశాల ఉండనే యున్నది. చూపు తగ్గినవారి ఇంట సామానుల చోటు మార్చకుడు. తాకుటకు ముందు పేరు చెప్పుడు. చేయి పట్టి లాగకుడు. మీ మోచేయి వారిని పట్టుకొననిచ్చి అర అడుగు ముందు నడువుడు.

రుచి సంగతి మన బరంపురమువారికి చెప్పుట సాహసమే. ఊరగాయలకు, అప్పడములకు పేరుపడిన ఊరు. కాని మనము రుచి యనుకొనునది చాల వరకు వాసన. నాలుక తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసరసమువంటి మరియొక రుచి మాత్రమే ఎరుగును. కారము నిజమునకు రుచి కాదు, మంట. దానిని తెచ్చు నాడియే వేరు. కావున వాసన పోయినను కారము మిగులును. అందుకే వృద్ధులు "కూర చప్పగా నున్నది" అని ఉప్పును, కారమును అడుగుదురు. వంట చేసినవారు చిన్నబుచ్చుకొనరాదు. ఉప్పు పెంచి రక్తపుపోటును పెంచరాదు. నిమ్మపులుపు, ఇంగువ పోపు, వేడివేడి వడ్డన కొంత తోడ్పడును. 2020లో వచ్చిన కరోనాలో వాసన కోల్పోయినవారికి ఈ బాధ వయస్సుతో నిమిత్తము లేకయే తెలిసినది. అట్టివారు ఒంటరిగా నుండు ఇంట గ్యాసు కారినను, అన్నము పాచిపోయినను తెలియదు. మరియొకరి ముక్కు అవసరము.

స్పర్శ చివరకు మిగిలినది. అది పోయినట్లు రోగికే తెలియదు గనుక నాకు ఎక్కువ భయము దీనితోనే. మధుమేహము పాదముల నాడులను మొద్దుబార్చును. వైశాఖపు టెండలో చెప్పులు విడిచి గుడికి పోయి, బొబ్బలెక్కిన అరికాలితో ఏమియు తెలియక తిరిగివచ్చినవారికి కట్లు కట్టితిని. వేడినీళ్ల సంచిచే కాలినవారికిని కట్టితిని. పది గ్రాముల ఒత్తిడితో వంగు నైలాను పోగుతో పాదమును తాకి వైద్యులు ఒక నిమిషములో పరీక్షింతురు, అడిగి చేయించుకొనుడు. ప్రతి రాత్రి అరికాళ్లు చూడుడు. వంగలేనివారికి నేలపై అద్దము పెట్టుడు, లేదా మనుమని పిలువుడు. మంచము పట్టినవారిని రెండేసి గంటలకు ప్రక్క మార్చుడు. ఒత్తిడి పుండు లేచునని వారి చర్మము వారికి చెప్పకపోవచ్చును.

మా పెదతల్లి ఆ పిమ్మట మూడేండ్లు బ్రతికినది. మరియొకసారి ఆసుపత్రికి పోవలసి వచ్చినప్పుడు ఒక రేకుడబ్బా సిద్ధము చేసితిమి. అందు జోడు, చెవియంత్రము, దాని బ్యాటరీలు, పళ్లు ఉంచితిమి. సముద్రపు తేమకు యంత్రము చెడకుండ రాత్రివేళ తేమ పీల్చు పొట్లముతో దాచితిమి. మూతపై ఒడియాలో పెద్ద అక్షరములతో వ్రాసి అంటించితిమి: "ఈమెకు ఎడమ చెవి వినబడును. ఈమె భాష తెలుగు. ఇవి పెట్టిన తరువాత మాటాడవలెను." ఆ కాగితపు నమూనాలు కొన్ని నేడు తెచ్చితిని. పోవునప్పుడు ద్వారము దగ్గర తీసికొని పొండు.